ఎర్రమూత డబ్బాలో కార్బురేటర్

జిడ్డు వదిలించే మందులు కలపడం నా ఉద్యోగం. కువైట్‌లో ఆ పని మీదే నా జుట్టు తెల్లబడింది. హోటళ్ల పొయ్యిలు, వర్క్‌షాపు నేలలు, లారీ ఇంజన్లు, నా చేతి మందుకు లొంగని జిడ్డు లేదని చెప్పుకుని తిరిగేవాణ్ణి. ఆ గొప్పలు మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. కానీ ఈ సంగతి మాత్రం ఇంట్లోవాళ్లకి కూడా సగమే చెప్పాను. మిగతా సగం ఇప్పుడు చెబుతున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ముందు నవ్వుకోండి. నవ్వడం అయ్యాక మీ చేతిలో ఉన్న డబ్బా మీద ఏం రాసుందో ఒకసారి చూసుకోండి.

మా కంపెనీ అంటే పెద్ద ఫ్యాక్టరీ అనుకునేరు. రిగ్గైకి దగ్గర్లో వర్క్‌షాపులుండే వీధిలో ఒక రేకుల షెడ్డు, నాలుగు డ్రమ్ములు, ఒక పొడుగాటి తెడ్డు. తెడ్డు తిప్పేది నేను. ఏ డ్రమ్ములో ఏది ఎంత పొయ్యాలో చెప్పేది ఒక ఈజిప్టు కెమిస్టు. ఆయన్ని మేం ముహందిస్ అనేవాళ్లం, ఇంజనీరు గారు అన్నమాట. మేం చేసే సరుకు రెండే రకాలు. ఎర్రమూత డబ్బా వంటింటికి, నీలంమూత డబ్బా వర్క్‌షాపుకి. ఎందుకలా అని ముహందిస్ ఒకరోజు వచ్చీరాని హిందీలో చేతులు తిప్పుతూ అరగంట సేపు చెప్పాడు. ఆ అరగంటా నేను తల ఊపుతూ, పక్క షెడ్డు నుంచి చాయ్ ఇంకా రాలేదేమా అని చూస్తూ ఉన్నాను.

వినకపోయినా నాకంటూ ఒక సిద్ధాంతం ఉండేది. ఎర్రమూత మందు చేతిమీద పడితే మొదట చర్మం జారుతుంది, ఆ తర్వాత మంట పుడుతుంది. నీలంమూతది కిరసనాయిలు వాసన కొడుతుందేగానీ మంట పుట్టదు. కాబట్టి ఎర్రది మొగాడు, నీలంది మెతక అని తేల్చేశాను. ఈ సిద్ధాంతంతో నేను మూడేళ్లు హాయిగా బతికాను.

తొంభైలో ఆగస్టు నెల మొదట్లో ఒక ఉదయం లేచేసరికి వీధిలో ఇరాక్ ట్యాంకులున్నాయి. ముహందిస్ సెలవు మీద వాళ్ల ఊరు వెళ్లి ఉన్నాడు. మా కఫీల్, అంటే మా వీసా ఇచ్చిన కువైటీ యజమాని, షెడ్డు దగ్గరకొచ్చి తాళాలన్నీ నా చేతిలో పెట్టి, "ఖలాస్. బస్సు, పికప్, సామాను, అన్నీ మీరే చూసుకోండి" అని చెప్పి, కుటుంబంతో సౌదీ వైపు వెళ్లిపోయాడు. బస్సంటే మమ్మల్ని గదులనుంచి పనికి తోలే పాత అమెరికా బడి బస్సు. పెట్రోలుది. అది రోజూ కదలడమే ఒక వింత.

ఆ బస్సుకి డ్రైవరూ, మెకానికూ ఒక్కడే. రాయచోటి మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. అందరూ భాయ్ అనేవాళ్లు. రిగ్గైలో ఒకే గదిలో మా ఇద్దరి మంచాలు పక్కపక్కన. నాది జగిత్యాల దగ్గర పల్లె. నా మాట ఆయనకి నవ్వు, ఆయన మాట నాకు నవ్వు. కోపమొస్తే మాత్రం ఆయన మాట నాకు బాగానే అర్థమయ్యేది.

పదిహేను రోజుల్లో దుకాణాల్లో సబ్బు కనబడకుండా పోయింది. కువైట్ ఎండలో ఆరుగురున్న గదిలో సబ్బు లేకపోతే ఎలా ఉంటుందో నేను చెప్పను. అప్పుడు నాకు బుద్ధి పుట్టింది. మా వీధిలో మూతబడ్డ ఒక హోటల్లో వేపుడుకి వాడి పారేసిన నూనె డబ్బాలకొద్దీ ఉంది. ఎర్రమూత మందులో కలిపే తెల్ల పలుకులు, కాస్టిక్ సోడా, మా షెడ్డులో బస్తా ఉంది. ముహందిస్ ఒకసారి సరదాకి సబ్బు చేసి చూపించాడు. ఆ ఒక్కటి మాత్రం చాయ్ తాగేశాక చూశాను కాబట్టి గుర్తుంది. మొదటి వాయికి అందరి చేతులూ మండాయి. రెండో వాయి కుదిరింది. పకోడీ వాసన తప్ప మిగతా అన్నీ సబ్బు లక్షణాలే. రిగ్గై నుంచి ఫర్వానియా దాకా మనవాళ్లంతా వచ్చి ఒక్కో ముక్క పట్టుకుపోయారు. జనం నన్ను కెమిస్టు సాబ్ అనడం మొదలుపెట్టారు. నా కళ్లు నెత్తికెక్కింది అప్పుడే.

ఆ తర్వాతి వారం కబురొచ్చింది. శుక్రవారం పొద్దున మన దేశం వాళ్ల బస్సులు కొన్ని వరుసగా బయల్దేరుతున్నాయి. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకి చేరితే అక్కణ్ణుంచి విమానాలున్నాయి. మళ్లీ ఇలాంటి వరుస ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలీదు. ఒంటరిగా పోయే బస్సుని దారిలో ఎవరు ఆపుతారో అంతకన్నా తెలీదు. మా బస్సుకి ముప్పై ఆరు మంది పేర్లు రాసుకున్నాం. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో వంట చేసే భాయ్ చెల్లెలి పేరు కూడా అందులో ఉంది.

బుధవారం నాడు బస్సు దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. భాయ్ బానెట్ ఎత్తి కార్బురేటర్ విప్పాడు. ఇంజన్‌కి పెట్రోలునీ గాలినీ కలిపి పంపే సామాను అది. లోపలి సన్న రంధ్రాలన్నీ జిగురుతో పూడుకుపోయాయి.

"పెట్రోల్తో కడిగితే పాయె. కానీ పెట్రోల్ దారికి కావాల గదా. అబ్బయా, నీ నీలంమూత మందులో నానేసి బ్రష్ కొట్టు. నేను నమాజు చేసుకోని, నాలుగు ముద్దలు తినొస్తా" అని వెళ్లాడు.

నేను నీలంమూత డబ్బా తీశాను. దాని పక్కనే ఎర్రమూత డబ్బా ఉంది. ముప్పై ఆరు మంది ప్రయాణం, ఇంత ముఖ్యమైన పనికి మెతక మందా? సబ్బు చేసిన చెయ్యి ఇది! కార్బురేటర్‌ని బకెట్లో పెట్టి, ఎర్రమూత మందు నీళ్లు కూడా కలపకుండా నిండా పోశాను. సురసురమని నురగ పైకొచ్చింది. ఎండకి బకెట్ కాలిపోతోంది, నురగ ఆగడం లేదు. చూశావా, మురికి ఎలా పరిగెడుతోందో అని మురిసిపోయాను. అన్నం తిని, షెడ్డు నీడలో కునుకు కూడా తీశాను.

నేను లేచేసరికి భాయ్ బకెట్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో ఒక నల్లటి వస్తువు ఉంది. అంచులు కొరికేసినట్టున్నాయి. సూది పట్టే రంధ్రాల్లో ఇప్పుడు పెన్సిల్ పడుతుంది. ఒక పక్క గోడ కాగితమంత పల్చబడి, భాయ్ వేలితో నొక్కగానే విరిగింది.

"ఏంది అబ్బయా ఇది?" అన్నాడు. గొంతు పెంచలేదు. దానికే నాకు భయమేసింది.

"కార్బురేటర్ భాయ్."

"కార్బురేటర్ నాకు తెల్సు. నేనిచ్చింది యాడ?"

"గదే భాయ్ గిది. నీలంది మెత్తగుంటదని... ఎర్రది గట్టిది గదా అని..."

తర్వాత ఆయన అన్నవి ఇక్కడ రాయను. కొన్ని ఉర్దూ, కొన్ని తెలుగు, అన్నీ నాకు తగినవే. ముప్పై ఆరు మంది మూటలు కట్టుకుని కూర్చున్నారు. వాళ్లని ఆపింది ట్యాంకులు కాదు, నేను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. ఇరవై ఆరేళ్ల వాణ్ణి, బకెట్ ముందు కూర్చుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున భాయ్ చెల్లెలు ఆ ఇంటి డ్రైవర్‌తో వచ్చింది, తన పెట్టె బస్సులో వేసుకుందామని. సంగతి విని, ఆ నల్ల ముద్దని రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

"ఎర్రమూతలో ఏసినాడా?" అని అన్నని అడిగి, నా వైపు తిరిగింది. "అన్నా, అది అల్యూమినానికి తగలగూడదని వంట చేసే నాకు తెలిసె, మందు చేసే నీకు తెలియదా? పోయినేడు మామా గిన్నె అట్లనే నల్లగ చేసి రెండ్రోజులు తిట్లు తింటి." మామా అంటే మేనమామ కాదు, తను వంట చేసే ఇంటి యజమానురాలు; అక్కడి పనివాళ్లు అలాగే పిలుస్తారు.

"మరి గంత జిడ్డు ఎట్ల వోతదమ్మా?" అన్నాను, ఇంకా బుద్ధి రాక.

"ఏ జిడ్డని సూడాల గదా! నెయ్యి, నూనె, మాంసం కొవ్వు, వీటికి ఎర్రది. మా డ్రైవర్ అంగీ మీద ఇంజనాయిల్ మరకుంటే ఎర్రది పోసినా. అంగీ చినిగిపాయె, మరక అట్లనే ఉండె. అప్పుడు నీలంది రాసి, మళ్లా సబ్బు బెట్టి ఉతికితే పాయె."

ముహందిస్ అరగంట సేపు చేతులు తిప్పి చెప్పింది ఇదే. ఆ క్షణంలో అంతా గుర్తొచ్చింది. వంట నూనె, కొవ్వు కాస్టిక్ సోడాతో కలిస్తే విడిపోయి సబ్బుగా మారతాయి. సబ్బు నీళ్లతో పోతుంది. అందుకే ఎర్రమూత చేతిమీద పడితే జారేది, నా చర్మంలోని కొవ్వునే సబ్బు చేస్తోంది మరి! ఇంజన్ ఆయిల్ భూమిలోంచి వచ్చిన నూనె, అది సబ్బు కాదు. ఎంత సోడా పోసినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. దాన్ని కిరసనాయిల్లాంటి దాంట్లోనే కరిగించాలి. కరిగినదాన్ని నీళ్లలోకి లాక్కుపోవడానికి సబ్బులాంటిదేదో తోడుండాలి. నీలంమూతలో ఉన్నవి ఆ రెండే. ఇక అల్యూమినియం, జింకు అంటే సోడాకి వెన్నముద్ద. తినేస్తూ గాలి వదులుతుంది, నేను మురిసిపోయిన నురగ ఆ గాలిదే. అది నిప్పు తగిలితే మండే గాలి. భాయ్ ఆ రోజు బకెట్ దగ్గర సిగరెట్ వెలిగించకపోవడం మా అదృష్టం.

చదువు బాగానే వచ్చింది గానీ, బస్సుకి కార్బురేటర్ రాలేదు కదా. అప్పుడు ఆ అమ్మాయే అంది. "భయ్యా, మామా ఇంట్లో అమెరికా కారుంది. దాని కార్బురేటర్ పనికిరాదా?"

భాయ్ లేచి నిలబడ్డాడు. "ఆ కంపెనీదే మన ఇంజను. కొంచెం తేడా ఉంటాది, అట్టముక్క బెట్టి కూర్చోబెడతా. కానీ ఆయమ్మ ఇయ్యాల గదా?"

ముగ్గురం మా పికప్‌లో సల్వా వెళ్లాం. ఆ కారు మామా భర్తది. ఆయన పోయి రెండేళ్లయింది. కారు అమ్మలేదు, ఎవరినీ తోలనివ్వలేదు. శుక్రవారం శుక్రవారం ఆమె తనే గ్యారేజీలోకి వెళ్లి ఇంజన్ కాసేపు తిప్పి ఆపేస్తుందట. మా మాట విని ఆమె ముఖం గంటు పెట్టుకుంది. కాదనేస్తుందనుకున్నాను.

భాయ్ తన అరబ్బీలో నెమ్మదిగా చెప్పాడు. "మామా, పక్క ఇంటి కారు సైనికులు తోలుకుపోయినారంట. ఈ ఒక్కటి విప్పితే ఈ కారు గేటు దాటదు. ఎవరికీ పనికిరాదు."

ఆమె కారు బానెట్ మీద చెయ్యి వేసింది. "మళ్లీ తెస్తారా?" అంది.

"ఇన్‌షా అల్లా" అన్నాడు భాయ్.

ఆమె నా వైపు చూసింది. చెడగొట్టింది ఎవరో ఆ అమ్మాయి అప్పటికే చెప్పేసినట్టుంది. "నువ్వు చెప్పు."

"తెస్తా మామా" అన్నాను. నా జీవితంలో ఇచ్చిన మాటల్లో అంత గట్టిది ఇంకొకటి లేదు.

విప్పాం సరే, తీసుకెళ్లడం ఎలా? దారిలో ఇరాకీల చెక్‌పోస్టుంది. కారు సామాను కనిపిస్తే దొంగలంటారు. దొంగలని తేలితే అక్కడికక్కడే కాల్చేస్తున్నారని ఊరంతా చెప్పుకుంటున్నారు. పికప్‌లో నా సబ్బు పాకం బకెట్ ఉంది. అందులో ముంచేద్దామన్నాను.

"మళ్లానా!" అని అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకేసారి అరిచారు. ఆ పాకంలో కూడా సోడా ఉంటుంది మరి.

చివరికి మామాయే పెద్ద అల్యూమినియం గిన్నె తీయించింది. కార్బురేటర్‌ని ప్లాస్టిక్ కవర్లలో చుట్టి అడుగున పెట్టి, పైన కోడికూర కలిపి వండిన అన్నం నిండా వేయించింది. దారిలో తినండి అంది.

చెక్‌పోస్టు దగ్గర ఒక సైనికుడు గిన్నె మూత తీశాడు. వాసనకి అతని ముఖం వెలిగింది. చెయ్యి చాపాడు. ఆ చెయ్యి మోచేతి దాకా నల్లగా ఉంది. ట్యాంకు గ్రీజు. ఆ చెయ్యి అన్నంలో దిగితే రెండో గుప్పిటకే కార్బురేటర్ తగులుతుంది. కానీ ప్రమాణం చేసి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కార్బురేటర్ గుర్తు రాలేదు. ఆ జిడ్డు చెయ్యి అన్నంలో పెట్టడం ఒక్కటే చూడలేకపోయాను. "సాబూన్! సాబూన్!" అని అరిచి అతని మణికట్టు పట్టుకున్నాను. అరబ్బీలో సబ్బుని అలాగే అంటారు.

తుపాకీ ఉన్నవాడి చెయ్యి అలా పట్టుకోకూడదు. అతను నా ముఖంలోకి చూశాడు. నేను పికప్ వెనక నుంచి డబ్బా తీశాను. మూత రంగు రెండుసార్లు చూసుకున్నాను. నీలం. కాస్త అతని అరచేతిలో పోసి రుద్దమన్నాను. నలుపు కరిగి కారింది. తర్వాత నా పకోడీ సబ్బు ఇచ్చి నీళ్లు పోశాను. చేతులు తెల్లగా బయటికొచ్చాయి. ఎన్నాళ్లయిందో తన చేతులు తను చూసుకుని! తిప్పి తిప్పి చూసుకుని, గట్టిగా నవ్వి, మిగతావాళ్లని పిలిచాడు. ఇంకో నలుగురు నల్ల చేతులు చాపి వరుసలో నిలబడ్డారు.

నేను చేతులు కడిగిస్తున్నాను. భాయ్ చెల్లెలు గిన్నె దగ్గర గరిటె పట్టుకుని, కడిగినవాడికి కడిగినట్టు మూతలో అన్నం పెడుతోంది. గరిటె ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. పైపైనే తీస్తోంది. అయినా అన్నం మట్టం దిగుతూనే ఉంది. ఐదోవాడికి తీస్తుంటే గరిటెకి అడుగున టక్కుమని ఏదో తగిలింది. భాయ్ కళ్లు మూసుకున్నాడు. ఆ అమ్మాయి చెక్కుచెదరకుండా "ఎముక" అంది అరబ్బీలో, గరిటె పక్కకి తిప్పి ఇంకో ముక్క వేసింది. ఆ సైనికులు కూడా ఎవరో తల్లుల పిల్లలే. తిని, సబ్బులూ నీలంమూత డబ్బా తీసుకుని, "యల్లా" అని దారి వదిలారు.

ఆ సాయంత్రం కార్బురేటర్‌ని నేనే కడిగాను. నీలంమూతతో, మెత్తటి బ్రష్‌తో, సూదితో ఒక్కో రంధ్రం. భాయ్ పక్కనే స్టూలేసుకుని కూర్చుని, నా చేతులమీంచి చూపు తిప్పలేదు. శుక్రవారం పొద్దున బస్సు రెండోసారి తాళం తిప్పగానే అందుకుంది. ముప్పై ఆరు మంది కేకలు పెట్టారు. ఎవరూ నన్ను కెమిస్టు సాబ్ అనలేదు.

జోర్డాన్ సరిహద్దులో బస్సులని ముందుకు పోనివ్వలేదు. దిగి నడవమన్నారు. అందరూ మూటలతో పరిగెడుతుంటే భాయ్ మాత్రం బానెట్ ఎత్తి స్పానర్ తీశాడు. ఎండలో నిలబడి జనం తిడుతున్నారు. ఆయన విప్పడం ఆపలేదు. విప్పిందాన్ని గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "చెడగొట్టినోడివి నువ్వు. మోయి."

మోశాను. ఎడారి గుడారాల్లో తలకింద దిండు అదే. మామా గిన్నెలో రోజూ మా గుంపుకి అన్నం వండేవాళ్లం. మాకు విమానం దొరికిన రోజున, వెనకున్న గుంపుకి వండుకోవడానికి ఏమీ లేదని ఆ గిన్నె వాళ్లకి ఇచ్చేశాం. బొంబాయి కస్టమ్స్ వాళ్లు నా మూట విప్పి, గల్ఫ్ నుంచి అందరూ బంగారం తెస్తారు, వీడేంటి అని ముక్కున వేలేసుకున్నారు. మా ఊళ్లో మా అమ్మ దాన్ని దేవుడి గూటి పక్కన పెట్టింది, కొడుకు అంత దూరం మోసుకొచ్చాడంటే ఏదో ఉంటుందని.

యుద్ధం ముగిశాక ఏడాదికి అదే షెడ్డులో పనికి తిరిగి వెళ్లాను. భాయ్ అప్పటికే అక్కడున్నాడు. చెల్లెలు మళ్లీ మామా ఇంట్లోనే పనికి చేరింది. తలుపు తీసి, నా చేతిలోని మూట చూసి లోపలికి పరిగెత్తింది.

గ్యారేజీలో కారు దుమ్ము పట్టి, పెట్టిన చోటే ఉంది. సైనికులు రెండుసార్లు వచ్చి, స్టార్ట్ కాక తన్ని పోయారట. ఆ తన్నిన సొట్టని మామా మాకు గొప్పగా చూపించింది. భాయ్ అరగంటలో కార్బురేటర్ బిగించాడు. మామా డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజన్ అందుకుంది. ఆమె స్టీరింగ్ మీద తల ఆనించింది. ఏడాదిన్నరగా నా గుండెలమీద ఉన్న బరువు ఆ చప్పుడుతో దిగిపోయింది. నేను మళ్లీ ఏడ్చాను, ఈసారి సిగ్గుపడలేదు.

ఇంజన్ ఆపి దిగింది మామా. కళ్లు తుడుచుకుంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"బాగుంది" అంది. "మరి నా గిన్నె ఏదీ?"

ఆ శుక్రవారమే కొత్త గిన్నె కొనుక్కుని వెళ్లాను. పాతదానికంటే పెద్దది. కొట్లో అల్యూమినియంవి వరుసగా తళతళలాడుతున్నా స్టీలుదే కొన్నాను. ఆ ఇంటికి ఎర్రమూత డబ్బాలు పంపేది నేనే కదా.